ఉక్కు నిజం... బొమ్మ అబద్ధం

*పాత జర్మన్ సైనిక హెల్మెట్ల బజారులో అసలు డొప్పలకు కొదవలేదు. మోసమంతా వాటి మీద వేసిన రంగులో, అంటించిన బొమ్మలో, చెప్పే కథలో ఉంటుంది. అది పట్టుకునే విద్య గురించి ఈవారం ముఖచిత్ర కథనం.*

పశ్చిమ జర్మనీ, స్టుట్‌గార్ట్. 1970ల మాట. కొన్రాడ్ కుజావ్ అనే ఆసామి బల్ల మీద ఓ ఉక్కు హెల్మెట్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, అక్షరాలా అసలు సరుకు. కాకపోతే అలాంటివి లక్షల్లో తయారయ్యాయి కాబట్టి పాత సామాన్ల బజారులో దానికి పెద్ద రేటు పలకదు. కుజావ్ ఓ కాగితం తీసుకున్నాడు. ఈ హెల్మెట్ పెట్టుకున్న సైనికుడి పేరు అడాల్ఫ్ హిట్లర్ అంటూ ఓ ధ్రువపత్రం రాసిపడేశాడు. కొత్త కాగితం మీద టీ నీళ్లు పోసి పాతదాన్ని చేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. అంతే, కొద్దిపాటి మార్కులు కూడా చేయని డొప్ప చరిత్రకెక్కింది.

1983లో ప్రపంచాన్ని ఊపేసిన ‘హిట్లర్ డైరీలు’ రాసిందీ ఈ కుజావే. ‘ష్టెర్న్’ పత్రిక వాటి కోసం 93 లక్షల మార్కులు ధారపోసింది. ఏప్రిల్ 25న అట్టహాసంగా ప్రకటించి, రెండు వారాలు తిరక్కుండానే తల దించుకుంది. ఆ కాగితంలో తెల్లదనం కోసం కలిపిన రసాయనం యుద్ధం ముగిశాకే వాడుకలోకి వచ్చిందని ప్రభుత్వ పరిశోధకులు తేల్చేశారు. డైరీల కథ అందరికీ తెలుసు. హెల్మెట్ కథ తెలిసినవాళ్లు తక్కువ. నన్నడిగితే ఆ రెండింటిలో ఎక్కువ నేర్పేది హెల్మెట్ కథే. డైరీల్లో కాగితం నుంచి సిరా దాకా అన్నీ దొంగవే కాబట్టి ఒక్క పరీక్షతో దొరికిపోయాయి. హెల్మెట్ ఉక్కును ఎన్ని పరీక్షలకు పంపినా అది నిజమే చెబుతుంది. అబద్ధం దాని పక్కన పెట్టిన కాగితంలో ఉంది.

యాభై ఏళ్లు గడిచినా ఈ బజారు అదే సూత్రం మీద నడుస్తోంది. కొత్త రేకుతో అచ్చుకొట్టిన నకిలీని కాస్త అనుభవమున్న ఎవరైనా పట్టేస్తారు. అసలు డొప్ప మీద కొత్త బొమ్మ వేసినవే కొంప ముంచుతాయి. ‘పైన పటారం, లోన లొటారం’ అంటాం కదా, ఇక్కడ అది తిరగబడింది. లోనంతా నికార్సయిన సరుకు, పైన పటారమే మోసం.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 80 ఏళ్లు దాటిపోయాయి. జ్ఞాపకంగా ఓ హెల్మెట్‌ను సంచిలో వేసుకుని ఇంటికొచ్చిన అమెరికన్, బ్రిటిష్ సైనికుల్లో బతికున్నవాళ్లు బహు కొద్దిమంది. వాళ్ల ఇళ్ల అటకలు ఖాళీ అవుతున్నాయి. తాత ఏం తెచ్చాడో, ఎక్కడ తెచ్చాడో తెలియని మనవలు వాటిని వేలానికి పంపుతున్నారు. మరోపక్క 2025 నవంబరులో జర్మనీలోని నోయిస్ పట్టణంలో నాజీ శిబిరాల బాధితుల ఉత్తరాలు, పత్రాలు వేలం వేయబోతే బాధితుల సంఘాలు భగ్గుమన్నాయి. ఆ వేలం ఆగిపోయింది. ఆ కాలపు వస్తువుల్లో ఏది అమ్మొచ్చు, ఏది అమ్మకూడదు, అసలు అమ్ముతున్నది నిజమైనదేనా అన్న వాదన మళ్లీ రాజుకుంది.

తోలు టోపీ పోయి ఉక్కు డొప్ప వచ్చింది

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ సైనికుడి నెత్తిన ఉన్నది పికెల్‌హౌబే. నడినెత్తిన శూలంలాంటి మొన ఉండే తోలు టోపీ. ప్రష్యాలో 1842లో వచ్చింది. కవాతులో దాని దర్జాయే వేరు. కందకంలో మాత్రం ఎందుకూ కొరగాలేదు. పైన పేలే ఫిరంగి గుండ్ల నుంచి రాలే ముక్కలకు తోలు ఎంత అడ్డు?

ఆగస్ట్ బియర్ అనే శస్త్రవైద్యుడు తన దగ్గరికొచ్చిన తల గాయాల్లో ఒక సంగతి గమనించాడు. మెదడును ఛిద్రం చేస్తున్నవాటిలో చాలావరకు చిన్న చిన్న ఉక్కు ముక్కలే. కాస్త గట్టి లోహం అడ్డుంటే ఆగిపోయేవే. హానోవర్ సాంకేతిక విద్యాలయంలో పనిచేసే ఇంజినీరు ఫ్రెడరిక్ ష్వెర్డ్‌తో ఈ సంగతి చర్చించాడు. ష్వెర్డ్ 1915లో ఒక నమూనా గీశాడు. నుదుటి మీద చూరులా ముందుకొచ్చిన అంచు, చెవులనూ మెడనూ కప్పేలా కిందికి జారిన వెనకభాగం. నికెల్, క్రోమియం కలిపిన ఉక్కు. హార్జ్ కొండల దగ్గరి థాలే కర్మాగారం మొదటగా తయారుచేసింది. 1916 ఫిబ్రవరిలో వెర్డన్ పోరు మొదలయ్యేనాటికి ముందువరసలోని దళాల నెత్తికెక్కింది. దీన్నే సేకర్తలు ఎం-16 అంటారు. సైజును బట్టి కిలోకి కాస్త అటూ ఇటూ మొదలుకొని 1.4 కిలోల దాకా బరువు తూగుతుంది.

ఎం-16ను గుర్తుపట్టడానికి చిన్నపిల్లాడికైనా చెప్పగల గుర్తు ఒకటుంది. రెండు కణతల దగ్గరా బయటికి పొడుచుకొచ్చిన గొట్టాల్లాంటి కొమ్ములు. లోపల బోలుగా ఉండటంతో గాలి ఆడటానికి పనికొచ్చేవి. వాటి అసలు పని వేరు. కాపలా కాసే సైనికుడి నుదుటికి అదనంగా తగిలించే దళసరి ఉక్కు పలకను మోయడం. ఆ పలక ఒకే సైజులో తయారయ్యేది. డొప్పలేమో రకరకాల సైజులు. అందుకని చిన్న డొప్పలకు కొమ్ములు పొడుగ్గా, పెద్ద డొప్పలకు పొట్టిగా పెట్టారు. చిన్న డొప్పకు పొట్టి కొమ్ములు కనిపిస్తే ఎవరో ఎక్కడో చెయ్యి పెట్టారన్నమాట.

లోపల మూడు తోలు మెత్తలు ఉంటాయి. ఒక్కో మెత్తకు రెండు జేబులు, జేబుల్లో గుర్రపు వెంట్రుకలు కూరిన చిన్న దిండ్లు. మెత్తలను పట్టుకునే పట్టీ మొదట్లో తోలుది. తోలు కరువై 1917లో దాన్ని ఇనుముకు మార్చారు. గడ్డం పట్టీ మొదట డొప్పకే తగిలేది, 1918 రకానికి వచ్చేసరికి లోపలి పట్టీకి మారింది. యుద్ధం ముదిరేకొద్దీ సరుకు ఎలా నాసిరకమవుతూ వచ్చిందో హెల్మెట్ లోపలే రాసి ఉంటుంది.

హిట్లర్ కాలంలో మూడు రూపాలు

ఈ రోజు బజారులో గొడవంతా ఎక్కువగా 1935 తర్వాతి హెల్మెట్ల మీదే. ఆ ఏడాది జూన్‌లో జర్మన్ సైన్యం కొత్త రకం తీసుకొచ్చింది. కొమ్ములు పోయాయి, డొప్ప చిన్నదైంది, చూరు తగ్గింది. సినిమాల్లో మనం చూసే నాజీ సైనికుడి హెల్మెట్ ఇదే. ఏడేళ్లలో ఇది రెండుసార్లు మారింది. రెండుసార్లూ కారణం ఒక్కటే, తయారీలో ఒక్కో పని తగ్గించుకోవడం.

> అంచు పట్టుకుంటే ఏడాది చెప్పొచ్చు
>
> ఎం-35: అంచు లోపలికి మడిచి నున్నగా ఉంటుంది. గాలి రంధ్రాలకు విడిగా తయారుచేసిన గుబ్బలు బిగించి ఉంటాయి. గోరుతో తడిమితే ఆ అతుకు తెలుస్తుంది.
>
> ఎం-40: అంచు మడతే. గాలి రంధ్రం మాత్రం విడి భాగం కాదు, డొప్పలోనే ఉబ్బెత్తుగా అచ్చుకొట్టారు. అతుకు ఉండదు.
>
> ఎం-42: 1942 ఆగస్టు నుంచి. అంచు మడవడం మానేశారు. కోసిన రేకు కాస్త బయటికి తిరిగి అలాగే ఉంటుంది. వేలు రాస్తే గరుగ్గా తగులుతుంది.
>
> ఎం-38: విమానం నుంచి గొడుగుతో దూకే దళాలది. చెవుల దగ్గర చూరు లేదు. అరుదు కాబట్టి ధర ఎక్కువ, ధర ఎక్కువ కాబట్టి నకిలీలూ ఎక్కువే.

మొదటి మూడింటి తేడా తెలిస్తే సగం మోసాలు అక్కడికక్కడే తేలిపోతాయి. ఉదాహరణకు నలుపు, తెలుపు, ఎరుపు చారల డాలు బొమ్మ. 1935లో ఇది కుడివైపు ఉండేది, ఎడమవైపు గద్ద. 1940లో చారల డాలు వేయడం ఆపేయమని ఆదేశాలొచ్చాయి. అలాంటప్పుడు 1942లో పుట్టిన గరుకు అంచు డొప్ప మీద చారల డాలు ఎలా వచ్చింది? 1943లో గద్దనూ ఆపేశారు. శత్రువుకు గురి దొరకకూడదని, పనీ తగ్గాలని. అంటే యుద్ధం చివర్లో తయారైన చాలా హెల్మెట్లకు అసలు బొమ్మే లేదు. బోసిగా ఉన్నది బోసిగా ఉంటేనే నమ్మొచ్చు. చిత్రమేమిటంటే బోసి హెల్మెట్‌ను కొనేవాడు అరుదు.

పాతకాపు ముందు తిరగేస్తాడు

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఏటా ఫిబ్రవరిలో ‘షో ఆఫ్ షోస్’ పేరుతో పాత సైనిక సామాన్ల సంత జరుగుతుంది. వరసలు వరసలుగా బల్లలు, బల్లల నిండా పతకాలు, కత్తులు, హెల్మెట్లు. అలాంటి చోట కొత్తవాణ్ని, పాతకాపునూ విడదీయడం తేలిక. హెల్మెట్ చేతికి రాగానే కొత్తవాడి చూపు బొమ్మ మీద పడుతుంది. పాతకాపు బొమ్మ వైపు కన్నెత్తి చూడడు. హెల్మెట్‌ను తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీలుస్తాడు. ఎనభై ఏళ్ల తోలు, చెమట, నూనె, దుమ్ము కలిసిన వాసన వేరు. నిన్నగాక మొన్న టీ నీళ్లలో నానబెట్టి, బూట్ పాలిష్ రుద్దిన తోలు వాసన వేరు. ఇది పుస్తకంలో నేర్చుకునే విద్య కాదు.

తర్వాత చిన్న టార్చి వేసి లోపలి అంచు చూస్తాడు. డొప్ప ఎడమ పక్క లోపల ఒకటి నుంచి మూడు దాకా అక్షరాలు, వాటి పక్కన ఒక అంకె అచ్చుకొట్టి ఉంటాయి. అక్షరాలు తయారుచేసిన కర్మాగారానివి, అంకె సైజుది. వెనక అంచు లోపల ఉక్కు తడవకు సంబంధించిన వేరే సంఖ్య. కొన్ని చివరికాలపు డొప్పల్లో ఇవన్నీ వెనకే ఉంటాయి. ముద్ర పైన రంగు ఉండాలి గానీ రంగు పైన ముద్ర ఉండకూడదు. ఉక్కుకు ముద్ర కొట్టాకే కదా రంగు వేస్తారు! ముద్ర గాట్లలో మెరిసే లోహం కనిపిస్తే ఆ హెల్మెట్ అక్కడే బల్ల మీద పెట్టేయాలి.

> ఆ అక్షరాలు ఎవరివి?
>
> ఈటీ, తర్వాత సీకేఎల్: థాలే ఇనుప కర్మాగారం
>
> క్యూ: ఎస్లింగెన్‌లోని క్విస్ట్
>
> ఎస్‌ఈ, తర్వాత హెచ్‌కేపీ: సాక్సనీలోని లౌటర్
>
> ఎన్‌ఎస్: ష్వెర్టెలోని నికెల్ కర్మాగారం
>
> ఈఎఫ్: ఫుల్డాలోని ఎనామిల్ కర్మాగారం
>
> ‘ఈటీ 64’ అని ఉంటే థాలేలో తయారైన 64 సైజు డొప్ప. అందులో 56 లేదా 57 సెంటీమీటర్ల తల పడుతుంది. లోపలి పట్టీ మీద కూడా 64 అనే ఉండాలి.

లోపల 1931 నమూనా తోలు ఉంటుంది. ఒకే తోలును రేకుల్లా చీల్చి, కొసల్లో రంధ్రాలు వేసి, దారంతో బిగిస్తారు. తోలును పట్టుకున్న లోహపు వలయం మొదట్లో అల్యూమినియంది, తర్వాత ఇనుముది. వలయం మీద తయారీదారు పేరు, సైజు, సంవత్సరం కనిపిస్తాయి. ఈ వలయాన్ని డొప్పకు మూడు రివెట్లు పట్టుకుని ఉంటాయి. రివెట్ తోక రెండుగా చీలి లోపల అటూ ఇటూ వంగి ఉంటుంది. ఎవరైనా తోలు మార్చారంటే ఆ తోకల్ని లేపి మళ్లీ వంచక తప్పదు. ఒకసారి వంగి ఎనభై ఏళ్లు అలాగే ఉన్న లోహాన్ని కదిలిస్తే వంపులో చిన్న పగులో, కొత్త మెరుపో మిగులుతుంది. భూతద్దంలో ముందు వెతికేది దీన్నే.

ఇక్కడ ఒక జాగ్రత్త. తేదీలు కలవకపోయినంత మాత్రాన దొంగది అనడానికి లేదు. 1936 డొప్పలో 1943 గడ్డం పట్టీ ఉండొచ్చు. సైన్యం పాతవాటిని బాగుచేసి, రంగు వేసి మళ్లీ పంచింది. మొదటి యుద్ధపు కొమ్ముల హెల్మెట్‌కు కొత్త తోలు బిగించి నాజీ కాలంలో వాడుకున్నదీ ఉంది. అన్నీ ముచ్చటగా ఒకే తేదీతో కలిసిన హెల్మెట్ కనిపిస్తే నాకైతే అనుమానం ఇంకాస్త పెరుగుతుంది.

కుజావ్ డైరీల కాగితంలోని తెల్లదనం రసాయనాన్ని పట్టించింది అతినీలలోహిత దీపమే. హెల్మెట్ల విషయంలోనూ అదే పనికొస్తుంది. తోలు కుట్టిన దారం, పట్టీ దారం ఆ దీపం కింద నీలంగా మెరిస్తే అది యుద్ధానంతర సరుకని అర్థం. దీపం చవక, జేబులో పడుతుంది. మెరవకపోతే అసలుదేనని మాత్రం అనుకోకూడదు. పాత దారం దొరికించుకోవడం నకిలీలు చేసేవాడికి పెద్ద పనేమీ కాదు.

రేటు పలికేది బొమ్మ

బొమ్మ లేని మామూలు ఎం-42 కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. అదే డొప్పకు ఎస్‌ఎస్ దళాల మెరుపు గుర్తు ఉంటే ధర వేలల్లోకి ఎగబాకుతుంది. డొప్ప అదే, ఉక్కు అదే, కర్మాగారం కూడా అదే. తేడా అల్లా రెండంగుళాలు కూడా లేని బొమ్మ. ఇంతకన్నా పెద్ద ఆశ నకిలీలు చేసేవాడికి ఇంకేం కావాలి?

అసలు బొమ్మలు నీళ్లలో తడిపి జార్చి అంటించేవి. పైన పలచని లక్క పూత ఉంటుంది. దశాబ్దాలు గడిచేసరికి ఆ పూత పసుపు తిరిగి, సన్నని నెరసులు పడుతుంది. బొమ్మ అంచు రంగులో కలిసిపోయినట్టు ఉంటుంది. సన్నటి చీకటి గీతల మధ్య వెండి మెరుపు కనిపిస్తుంది. కంప్యూటర్ ప్రింటర్‌తో వేసిన నకిలీలో భూతద్దం పెట్టగానే రంగురంగుల చుక్కలు బయటపడతాయి. ఇది తేలికగా దొరికేది. సిల్క్‌స్క్రీన్ మీద పాత పద్ధతిలోనే వేసి, లక్క పూసి, వేడిచేసి నెరసులు తెప్పించేవాళ్లతోనే కష్టం. అలాంటివాటిలో చూడాల్సింది గీతలు. హెల్మెట్‌కు దెబ్బ తగిలి రంగు లేచిపోయిన చోట బొమ్మ కూడా లేచిపోయిందా? లేక పాత గీత మీదుగా బొమ్మ చక్కగా పరుచుకుని ఉందా? దెబ్బ ముందా, బొమ్మ ముందా అన్నదే ప్రశ్న.

చాలా హెల్మెట్ల మీద యుద్ధకాలంలోనే రెండో రంగు వేశారు. 1940 నుంచి నున్నటి ఆకుపచ్చ బదులు గరుకైన, మెరవని బూడిద రంగుకు మారినప్పుడు పాత బొమ్మలు కింద దాగిపోయాయి. ఆఫ్రికాలో ఇసుక రంగు, ఫ్రాన్స్‌లో మూడు రంగుల మరకలు, ఇంటి కోళ్లగూడు నుంచి తెచ్చిన జల్లెడ తీగ. ఆ రెండో రంగు కింద ఏముందో చూడాలన్న ఆత్రంతో కొందరు పై రంగు గీకేశారు. ఒక సైనికుడు ప్రాణభయంతో వేసుకున్న రంగును బొమ్మ ధర కోసం గీకేయడం కన్నా తెలివితక్కువ పని ఈ బజారులో ఇంకొకటి లేదు.

ఇప్పుడు గాలి అటు తిరిగింది. మరకల రంగు హెల్మెట్లకు గిరాకీ పెరిగింది కాబట్టి మరకలు వేసేవాళ్లూ పుట్టుకొచ్చారు. బోసి ఎం-40 కొని, ఇసుక కలిపిన రంగు పూసి, ఉప్పునీళ్లలో తుప్పు పట్టించి, కొన్నాళ్లు పెరట్లో పాతిపెడతారు. బొమ్మకైతే పోల్చుకోవడానికి నమూనాలున్నాయి. చేత్తో పూసిన మరకకు నమూనా ఏముంటుంది? నా ఉద్దేశంలో నేడు అన్నిటికన్నా ప్రమాదకరమైన కొనుగోలు ఇదే. సేకర్తల్లో ఓ మాట ఉంది: ‘కథ కొనకు, హెల్మెట్ కొను’. మా తాత నార్మండీ ఇసుకలోంచి తీశాడనే అమ్మకందారుడి మాటకు ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టక్కర్లేదు, పక్కన ఆనాటి ఫొటోనో, పేరున్న సైనిక కాగితమో ఉంటే తప్ప. అవీ దొంగవి కావచ్చని కుజావ్ నేర్పి పోయాడు.

డొప్ప చేసిన దేశాటన

యుద్ధం ముగిశాక ఈ డొప్పలు ఊరుకోలేదు. నార్వే సైన్యం జర్మన్లు వదిలేసి వెళ్లినవాటికి రంగేసి వాడుకుంది. ఫిన్లాండ్ దగ్గర కొన్ని. హంగరీ తన సొంత కర్మాగారాల్లో ఇంచుమించు అదే ఆకారంలో తయారుచేసుకుంది. దాన్ని గుర్తుపట్టాలంటే వెనక రివెట్లతో బిగించిన చదరపు కొక్కెం చూడాలి. స్పెయిన్ కూడా తనదంటూ ఒకటి చేసుకుంది. ఇలాంటి చుట్టాలన్నీ కొక్కెం పీకేసి, రంధ్రం పూడ్చి, గద్ద అంటించుకుని జర్మన్ పేరుతో బజారుకొస్తుంటాయి. పూడ్చిన రంధ్రం బయటి నుంచి కనిపించకపోయినా లోపల వేలికి తగులుతుంది.

అన్నిటికన్నా ముచ్చటైన కథ జర్మన్ వంటింటిది. 1945లో ఓడిన దేశంలో గిన్నెలకు కూడా కరువొచ్చింది. చిన్న చిన్న కర్మాగారాలు మిగిలిపోయిన హెల్మెట్లకు చిల్లులు కొట్టి, కాళ్లు, పిడులు అతికించి, ఎనామిల్ పూత వేసి నూడుల్స్ వార్చే జల్లెడలుగా అమ్మాయి. పల్లెల్లో పొడుగాటి కర్రకు బిగించి ఎరువు నీళ్లు తోడుకున్నారు. ఎస్‌ఎస్ బొమ్మకు వేల డాలర్లు పోసేవాడు ఈ జల్లెడ వైపు కన్నెత్తి చూడడు. జర్మనీలో మ్యూజియంలు మాత్రం దాన్ని అద్దాల బీరువాలో పెడుతున్నాయి. నాకు ఎంచుకోమంటే జల్లెడే ఎంచుకుంటాను. దాని మీద అబద్ధం రాయడం కష్టం, పైగా ఎవరూ రాయాలనీ అనుకోరు.

కొనొచ్చా, చూపించొచ్చా?

జర్మనీలో నాజీ గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడం శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ కింద నేరం. చదువు, పరిశోధన, కళ లాంటి వాటికి మినహాయింపు ఉంది. అందుకే అక్కడి వేలం పుస్తకాల్లో గుర్తు కనిపించకుండా కప్పేస్తారు. ఆస్ట్రియాలో నిబంధనలు ఇంకా కఠినం. ఫ్రాన్స్‌లో 2000లో రెండు సంఘాలు యాహూ వేలం సైటును కోర్టుకీడ్చాయి. నాజీ వస్తువులు ఫ్రాన్స్‌లో కనిపించకూడదని ఆ ఏడాది నవంబరులో పారిస్ కోర్టు తీర్పిచ్చింది. 2001 జనవరిలో యాహూ అలాంటి వేలాలే మానేసింది. అదే ఏడాది ఈబే కూడా తలుపులు మూసింది. దాంతో సరుకు కనుమరుగైపోలేదు, ప్రత్యేక వ్యాపారుల చేతుల్లోకి, తెలిసినవాళ్ల గుంపుల్లోకి జారుకుంది. అక్కడ మోసపోతే ఫిర్యాదు చేసే దిక్కు లేదు.

2019 నవంబరులో మ్యూనిక్‌లోని హెర్మన్ హిస్టోరికా సంస్థ హిట్లర్ వస్తువులు వేలానికి పెట్టింది. యూదు సంఘాలు వద్దని మొత్తుకున్నాయి. అబ్దల్లా షతీలా అనే లెబనాన్ మూలాలున్న స్విట్జర్లాండ్ వ్యాపారి దాదాపు 6 లక్షల యూరోలు పెట్టి హిట్లర్ టోపీ సహా కొన్నింటిని కొన్నాడు. టోపీ ఒక్కటే 50 వేల యూరోలు. అభిమానుల చేతిలో పడకూడదనే కొన్నానని చెప్పి వాటిని ఒక యూదు సంస్థకు ఇచ్చేశాడు. అవి యెరూషలేంలోని యాద్ వాషెమ్ స్మారక సంస్థకు చేరాయి. ఈ బజారులో ఇంత డబ్బు పోసి తనకంటూ ఏమీ ఉంచుకోని కొనుగోలుదారు ఇంకొకరు దొరకడం కష్టం.

మనవైపు దారి

ఈ కథలో మనవాళ్ల అడుగులు లేకపోలేదు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మన సంస్థానాల గుర్రపు దళాల వశమైన రోజు 1,350 మంది జర్మన్, టర్కీ సైనికులు పట్టుబడ్డారు. ఆ బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూర్‌లతోపాటు హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీలోని తీన్ మూర్తి మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌దే.

రెండో యుద్ధంలో దారి ఇంకా చిత్రంగా సాగింది. ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లిన హైదరాబాదీ ఆబిద్ హసన్ అక్కడ సుభాష్ చంద్రబోస్ వెంట నడిచాడు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు చిక్కిన భారత సైనికుల్లోంచి సుమారు 3,000 మందితో దళం ఏర్పడింది. వాళ్లది జర్మన్ సైన్యం ఉడుపు. సిక్కులు మాత్రం తలపాగా వదల్లేదు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తోపాటు కీల్ రేవు నుంచి యూ-180 జలాంతర్గామిలో బయల్దేరింది ఆబిద్ హసనే. ‘జై హింద్’ నినాదం పుట్టించిన ఘనతా ఆయనదే అంటారు. ఆ దళం భుజానికి కుట్టుకున్న దూకే పులి గుర్తు ఇప్పుడు అంతర్జాతీయ బజారులో విరివిగా నకళ్లు దొరికే సరుకు. మన చరిత్ర అని మురిసిపోయి జేబు ఖాళీ చేసుకోకముందు దాని దారాన్ని నీలి దీపం కింద పెట్టి చూడటం మంచిది.

ఇంకో దారి వ్యాపారానిది. పికెల్‌హౌబే నకళ్లు మన ఉత్తరాది వర్క్‌షాపుల్లో తయారై విదేశాలకు పోతాయి. తయారుచేసేవాళ్లు వాటిని నాటకాలకు, అలంకరణకు నకళ్లుగానే అమ్ముతారు. చేతులు మారేకొద్దీ వాటికి వయసు పెరుగుతుంది. హోటళ్ల గోడలకు తగిలించే ఇలాంటివాటిని అసలుదనుకుని కొంటే ఎవరినీ అని లాభం లేదు. నిజంగా మొదటి యుద్ధపు హెల్మెట్ ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఒక సంగతి తెలుసుకోవాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువును మామూలు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. ఇంటర్నెట్‌లో విదేశీ బేరం తగిలిందని పార్శిల్ కట్టేముందు అధికారుల దగ్గర నిర్ధారించుకోవాల్సిందే.

వెనక అంచు కింద పేరు

మన పెళ్లిళ్లలో ఇత్తడి గిన్నెల మీద పేరు చెక్కించినట్టు జర్మన్ సైనికులు కూడా హెల్మెట్ వెనక అంచు లోపల తెల్ల రంగుతో ఇంటిపేరు రాసుకునేవాళ్లు. బ్యారక్‌లో వందల హెల్మెట్లు ఒకేలా ఉంటాయి మరి. ఒక్కోసారి ఒక పేరు కొట్టేసి దాని కింద ఇంకో పేరు ఉంటుంది. మొదటివాడు ఏమయ్యాడో ఆ కొట్టివేత చెప్పదు.

చెప్పే చోట్లున్నాయి. జర్మన్ సైనికుల వివరాలు భద్రపరిచే బెర్లిన్ కార్యాలయం 2019లో ఫెడరల్ ఆర్కైవ్స్‌లో కలిసింది, అడిగితే వెతికిపెడతారు. యుద్ధ సమాధులను చూసే ఫోక్స్‌బుండ్ సంస్థ చనిపోయిన, కనిపించకుండా పోయిన సుమారు 50 లక్షల మంది పేర్లను అందరూ వెతికేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. అరుదైన ఇంటిపేరు అయితే మనిషి దొరికే వీలుంది. అదే జాబితా నకిలీలు చేసేవాడికీ ఒక్క క్లిక్కు దూరంలోనే ఉంది. స్టాలిన్‌గ్రాడ్‌లో పోయిన ఒకడి పేరు ఎంచుకుని తెల్ల రంగుతో రాసేస్తే సరి. అందుకని పేరున్న హెల్మెట్ చేతికొచ్చినప్పుడు భూతద్దం పెట్టాల్సింది ఆ పేరులోని అక్షరాల మీద కాదు, అక్షరాల మీదుగా పోయే గీతల మీద. ఏళ్ల తరబడి తోలుకు, చొక్కా కాలరుకు రాసుకుని అరిగిన రంగు అంచుల్లో పలచబడుతుంది. గీతలన్నీ కిందే ఆగిపోయి, రంగు ఒక్కటే పైన నిగనిగలాడుతుంటే అది సైనికుడి చేతిరాత కాదు.